ప్రతివాది సమాధానము

వికారాబాదు జిల్లాలో, కొడంగల్లునకు సమీపమున, దౌల్తాబాద్ అను మండల కేంద్రము కలదు. దేవగిరి దుర్గముచే ప్రసిద్ధి వహించిన మహారాష్ట్రములోని దౌలతాబాదు వేరు, ఇది వేరు. కందిపంటకును నాపరాతికిని పేరుగన్న తాండూరు ప్రాంతమునకు ఇది ఇరుగుపొరుగు. ఇచ్చటి సంతలలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చును. దీనికి కారణము చరిత్రలోనే యున్నది. నిజాము పాలనలో కొడంగల్లు, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో చేరియుండెను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ఈ రెండు తాలూకాలును గుల్బర్గానుండి విడివడి ఆంధ్రప్రదేశమున చేరినవి. కొడంగల్లు మహబూబునగరు జిల్లాకును, తాండూరు హైదరాబాదు జిల్లాకును పోయినవి. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడగా రెండును మరల ఒకే జిల్లాలోనికి వచ్చినవి.

రాష్ట్రముల నడుమ గీత గీయబడినది గాని చుట్టరికముల నడుమ గీయబడలేదు. ఈవలి పిల్లను ఆవలి సేడము వైపునకిచ్చుట, ఆవలి పిల్లను ఈవలికి కోడలిగా తెచ్చుకొనుట నేటికిని కలదు. కాపురము చక్కగా సాగునంతకాలము ఏ జిల్లా, ఏ కోర్టు అను ప్రశ్న ఎవరికిని తోచదు. కాపురము చెడి, భార్య తనకు భర్తనుండి రక్షణ కావలెనని న్యాయస్థానమును ఆశ్రయించిననాడు ఆ ప్రశ్న వచ్చును. దానితోపాటు మరియొక పెద్ద ప్రశ్నయు వచ్చును. రక్షణ కోరినవారి మాట వినుట న్యాయమే. ఆ ఉత్తరువునకు లోబడవలసిన ఎదుటివారి మాట ఎప్పుడు వినవలెను? ఎంతవరకు వినవలెను? ఈ ప్రశ్నకు మన దేశము ఇచ్చిన సమాధానము ఒక్కనాటిలో పుట్టినది కాదు. నూరేండ్లకు పైబడిన ఆ కథను నేడు క్లుప్తముగా చెప్పుకొందము.

గృహకలహము ముదిరినప్పుడు పూర్వము మన పల్లెలలో మొదట పెద్దమనుషులు కూర్చుండెడివారు. రచ్చకట్టమీదనో, కులపెద్ద యింటి అరుగుమీదనో పంచాయతి జరిగెడిది. ఆ పంచాయతికి ఒక మంచి గుణము కలదు. ఇరుపక్షములను ఎదురెదుట కూర్చుండబెట్టి వినుట దాని పద్ధతి. ఐనను దానికి లోపములు ఎక్కువ. భార్య పక్షమున తండ్రియో, అన్నయో మాటలాడుటయే గాని ఆమె నోరు విప్పుట అరుదు. రెండుచేతులు కలిసిననే చప్పుడగును అను సామెత అచ్చట ప్రమాణము. ఆ సామెతవలన కొట్టిన చేయియు, దెబ్బతిన్న చేయియు సమానములయ్యెను. చివరకు ఒక కాగితముమీద ఇరువురిచేతను వ్రాళ్ళు చేయించి, సర్దుకొని పొండని పంపెడివారు. ఆ కాగితమును మీరినవానిని అడుగు నాథుడు లేడు. సమాధానము చెప్పుటకు అవకాశము నిండుగా నుండెను గాని, రక్షణకు ఆధారము లేకుండెను.

ఇక కోర్టులకు వత్తము. నిజాము రాజ్యమున న్యాయస్థానముల భాష ఉర్దూ. అర్జీ, పేషీ, వాయిదా, వకాలతు, జవాబుదావా మున్నగు మాటలు ఆ దారినే మన నోళ్ళలో నిలిచినవి. వానిలో ఒక మాట చరిత్ర చిత్రమైనది. ఉర్దూలో ముద్దయీ అనగా వ్యాజ్యము తెచ్చినవాడు. ముద్దాలే అనగా దానికి సమాధానము చెప్పవలసినవాడు. తెలుగులోనికి వచ్చునప్పటికి ముద్దాయి అను మాట నేరము మోపబడినవానికి పేరైనది. వ్యాజ్యము తెచ్చినవాని పేరు నిందితునికి అంటుకొన్నది. ఈ మాటల తారుమారువలన ఒక భ్రాంతియు పుట్టినది. కోర్టు కాగితము వచ్చిన ప్రతివాడును నేరస్థుడే యని జనులు తలంచుటకు అలవాటుపడిరి. భార్య వేసిన పిటీషనుపై నోటీసు అందుకొన్న భర్తకు కలుగు అవమానములో సగము ఈ భ్రాంతివలననే కలుగుచున్నది.

బ్రిటిషు ఇండియాలో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 488వ సెక్షను భార్యకు మనోవర్తి ఇప్పించు అధికారమును మెజిస్ట్రేటున కొసగెను. హైదరాబాదు రాష్ట్రమునకు ఈ కోడు 1951 ఏప్రిల్ 1 నుండి వర్తించెను. అనగా నేటి దౌల్తాబాదు ప్రాంతమునకు ఆ సెక్షను వచ్చుసరికి అది గుల్బర్గా జిల్లాలోనే యుండెను. మనోవర్తికి మొదట ఉన్న పరిమితి నెలకు 50 రూపాయలు. 1923లో అది 100 రూపాయలు, 1955లో 500 రూపాయలు అయ్యెను. 1973లో వచ్చిన క్రొత్త కోడులో 125వ సెక్షను దాని స్థానమును పొందెను. 2001లో ఆ పరిమితిని పూర్తిగా తొలగించిరి. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి రాగా అందలి 144వ సెక్షను ఆ పని చేయుచున్నది.

ఆ 488వ సెక్షనులో భర్త సమాధానమునకు గూడ చోటుండెను. సాక్ష్యమును అతని యెదుటనో, అతని వకీలు ఎదుటనో తీసికొనవలయును. అతడు కావలెనని తప్పించుకొని తిరిగినచో ఏకపక్షముగా విచారింపవచ్చును. ఐనను తగిన కారణము చూపినచో మూడు నెలలలోపుగా ఆ ఏకపక్షపు తీర్పును రద్దుచేయవచ్చును. భర్తలు ఇచ్చు సమాధానములలో మిక్కిలి వాడుకలోనున్నది ఒక్కటే: “నా యింటికి వచ్చి ఉండినచో పోషించెదను.” చట్టము దానిని సమాధానముగా అంగీకరించెను గాని, ఆమె రాననుటకు కారణము తగినదా కాదా యని మెజిస్ట్రేటు పరిశీలింపవలెనని విధించెను. భర్త రెండవ పెండ్లి చేసికొన్నను, వేరొక స్త్రీని ఉంచుకొన్నను, భార్య నిరాకరించుట న్యాయమేయని 1949లో ఒక సవరణ వచ్చెను. ఇంటికి రమ్మని పిలిచినంతమాత్రమున బాధ్యత తీరదు, ఆ యిల్లు ఎట్టిదో చూడవలెను అను సూత్రము అట్లు చట్టమున కాలు మోపినది.

ఐనను ఇది కూటికి సంబంధించిన రక్షణయే. దెబ్బనుండి రక్షణ కాదు. రేపు మరల కొట్టవద్దు, ఆమె పనిచేయు చోటికి పోవద్దు, ఇంటినుండి గెంటవద్దు అని భర్తను ముందుగా కట్టడిచేయుటకు ప్రత్యేకముగా ఒక ఉత్తరువు నాటి చట్టములో లేదు. శాంతిభంగము కలుగునను భయమున్నచో ముచ్చలికా వ్రాయించుకొనుట యొక్కటే దానికి దగ్గరి ఉపాయము. అది వీథి తగవులకై యేర్పడినది గాని నాలుగు గోడల నడుమ జరుగు హింసకు చాలినది కాదు.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలయును. చాలకాలము దాంపత్య వ్యాజ్యములలో కోర్టుకెక్కినవాడు భర్త. సమాధానము చెప్పుకొనవలసినది భార్య. 1884లో బొంబాయి హైకోర్టులో దాదాజీ భికాజీ అను నతడు, తన భార్య రఖ్మాబాయి కాపురమునకు రావలెనని దావా వేసెను. పదునొకండవ యేట తన యిష్టముతో నిమిత్తము లేకుండ జరిగిన పెండ్లికి తాను కట్టుబడజాలనని యామె సమాధానము. 1885లో న్యాయమూర్తి పిన్హే ఆ దావాను కొట్టివేసెను. అప్పీలులో ఆ తీర్పు నిలువలేదు. 1887 మార్చిలో న్యాయమూర్తి ఫారన్, ఒక నెలలోపున భర్త యింటికి పోవలెను, లేనిచో ఆరు నెలలు చెరసాల అని ఉత్తరువిచ్చెను. చెరసాలకే పోయెదనని రఖ్మాబాయి తెలిపెను. 1888లో రెండువేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ రాజీపడెను. ఆమె ఇంగ్లండునకు పోయి వైద్యము చదివి, తిరిగి వచ్చి సూరతు, రాజకోటలలో చాలకాలము డాక్టరుగా పనిచేసెను. ఇట్టి డిక్రీని పాటింపని భార్యను జైలుకు పంపు పద్ధతిని 1923లో సివిల్ ప్రొసీజరు కోడునుండి తొలగించిరి.

దాదాపు నూరేండ్లకు అదే ప్రశ్న తెలుగు నేలమీద మరల లేచెను. 1955 నాటి హిందూ వివాహ చట్టములో 9వ సెక్షను, విడిచి వెళ్ళిన భాగస్వామిని కాపురమునకు రప్పింపుడని కోరు హక్కు నిచ్చుచున్నది. కడపలో ఆ సెక్షను క్రింద మొదలైన సరిత వ్యాజ్యమున, 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. ఇష్టములేని కాపురమును కోర్టు డిక్రీతో పెట్టించుట స్త్రీ దేహగౌరవమునకును, ఆంతరంగిక జీవనమునకును భంగమని యాయన నిర్ణయము. 1984లో సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యమున ఆ సెక్షను చెల్లునని తేల్చినందున ఈ తీర్పు నిలువలేదు. కాని ప్రతివాది చెప్పు సమాధానము ఒక్కొకప్పుడు ఎదుటివాని కోరికనే గాక, ఆ కోరికకు ఆధారమైన చట్టమునే ప్రశ్నింపగలదని అది చాటెను. నాడు రఖ్మాబాయికి, ఆ తరువాత సరితకు ఆ అవకాశము లేకున్నచో వారి మాట ఎవరు వినియుందురు? ప్రతివాదికి మాట దక్కవలెననుట పురుషుల కొరకై పుట్టిన సూత్రము కాదని దీనివలన తెలియుచున్నది.

రక్షణ ఉత్తరువు అను ఆలోచన పుట్టుట ఇతర దేశములలో ముందు జరిగినది. ఇంగ్లండులో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అను రచయిత్రి భార్యలపై జరుగు చిత్రహింసను గూర్చి 1878లో ఒక వ్యాసము ప్రకటించి అలజడి రేపెను. ఆ యేడే అచ్చటి పార్లమెంటు, భార్యను తీవ్రముగా కొట్టి శిక్షపడిన భర్తనుండి ఆమె వేరుగా నివసించుటకు ఉత్తరువిచ్చు అధికారమును మెజిస్ట్రేటుల కిచ్చెను. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రము 1976లో ఒక చట్టము చేసి మరియొక అడుగు ముందునకు వేసెను. శిక్షపడువరకు వేచియుండ నక్కరలేదు. అపాయము కనుపించినచో మొదట తాత్కాలికముగా ఉత్తరువిచ్చి, స్వల్పకాలములోనే ఎదుటివానిని పిలిచి విచారింపవలెను. రక్షణ ముందు, సమాధానము వెనువెంట, తుది నిర్ణయము ఆ పిమ్మట అను వరుస అట్లేర్పడినది.

మన దేశమున 1983లో శిక్షాస్మృతికి 498-ఎ సెక్షను చేర్చబడెను. భార్యపట్ల క్రూరత్వము నేరమయ్యెను. నేడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షనులు ఆ విషయమునకు సంబంధించినవి. కాని శిక్ష వేరు, రక్షణ వేరు. భర్తను జైలునకు పంపవలెనని గాక, తాను అదే యింటిలో భయము లేకుండ బ్రతుకవలెనని కోరు స్త్రీలు అనేకులు. వారికి క్రిమినల్ కేసు ఒక్కటే దారియైనచో, మౌనముగా భరించుటయో, కాపురమును తెంచుకొనుటయో తప్ప గతి లేకుండెను. ఈ కొరతను తీర్చుటకు 2005లో గృహహింసనుండి మహిళల రక్షణ చట్టము వచ్చెను. అది 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. ఇది ఏ మతమువారికైనను ఒక్కటే. దేహమునకు గాయము చేయుట మాత్రమే గాక, లైంగిక హింస, మాటలతో మనస్సును హింసించుట, డబ్బు ముట్టనీయక బాధించుట గూడ ఈ చట్టము దృష్టిలో హింసయే.

ఇప్పుడు మనము ఒక కుటుంబమును ఊహించుకొందము. భర్త దౌల్తాబాదువాడు. భార్య సేడము తాలూకాలోని పుట్టింటికి పోయి, అచ్చటి మెజిస్ట్రేటు కోర్టులో పిటీషను పెట్టినది. నాది తెలంగాణము, కర్ణాటకము కోర్టునకు నాతో పనియేమి యని అతడు తలంచిన పొరపాటు. ఆమె తాత్కాలికముగా నివసించుచున్న చోటనైనను పిటీషను వేయవచ్చునని 27వ సెక్షను చెప్పుచున్నది. ఆ కోర్టు ఇచ్చు ఉత్తరువు దేశమంతట చెల్లును. 1956లో గీచిన గీత ఈ విషయమున అడ్డురాదు.

పిటీషను అందిన పిమ్మట సాధారణముగా మూడు దినములలోపున మొదటి వాయిదా ఉండవలయును. నోటీసును రక్షణాధికారి రెండు దినములలోపున, లేదా మెజిస్ట్రేటు అనుమతించిన మరికొంత గడువులోపున, ప్రతివాదికి అందజేయవలయును. మొదటి వాయిదానుండి అరువది దినములలో విచారణ ముగింపుటకు ప్రయత్నింపవలెనని చట్టము కోరుచున్నది. వాస్తవమున ఇంతకంటె చాల ఆలస్యమగుట అందరును ఎరిగినదే. రక్షణ ఉత్తరువును గూర్చి చెప్పు 18వ సెక్షనులోనే, ఉభయులకును తమ మాట చెప్పుకొను అవకాశమిచ్చిన తరువాత అను షరతు కలదు. అపాయము తక్షణమైనదని ప్రమాణపత్రమువలన తోచినచో, ప్రతివాదిని వినకమునుపే తాత్కాలికపు ఉత్తరువిచ్చు అధికారము 23వ సెక్షనులో నున్నది. మంట ఆర్పిన పిమ్మట కదా నిప్పెవరు పెట్టిరని విచారించుట! ఈ రెండు సెక్షనులును ఒకదానికొకటి విరుద్ధములు గావు. ఒకటి తొందరకు, మరియొకటి న్యాయమునకు.

ఐనను చట్టము వచ్చిన తొలి సంవత్సరములలో ఆచరణ తప్పుదారి పట్టిన సందర్భములున్నవి. నోటీసు పంపవలసిన చోట క్రిమినల్ కేసునందువలె సమనులు, వారంటులు జారీయైనవి. ముసలి అత్తమామలు, ఎక్కడనో కాపురమున్న ఆడబిడ్డలు ప్రతి వాయిదాకును కోర్టు మెట్లెక్కవలసివచ్చెను. 2015 ఫిబ్రవరిలో, నాటికి తెలంగాణ ఆంధ్రప్రదేశములకు ఉమ్మడిగానున్న హైదరాబాదు హైకోర్టు ఒక తీర్పులో ఈ విషయమును స్పష్టపరచెను. ఈ చట్టము క్రింద కోరు ఉపశమనములు సివిల్ స్వభావము గలవి. కావున మొదట నోటీసు ఇవ్వవలయును. ప్రతివాదులు ప్రతి వాయిదాకును స్వయముగా రావలెనని నిర్బంధింపరాదు. రానిచో ఏకపక్షముగా విచారణ సాగించవచ్చునే గాని నిందితులను బలవంతముగా రప్పించు పద్ధతి అవలంబింపరాదు. 2016లో, ఆంధ్రప్రదేశమునుండియే వెళ్ళిన మరియొక వ్యాజ్యమున, సుప్రీంకోర్టు గూడ ఈ విచారణల సివిల్ స్వభావమునే ఉగ్గడించి, పిటీషనును సవరించుకొనుటకు భార్యకు అనుమతి నిచ్చెను. ఒకే సూత్రమువలన ఒకచోట ప్రతివాదికి ఊరట కలిగెను; మరియొకచోట పిటీషనుదారుకు మేలు జరిగెను. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఇట్టి పిటీషనును కొట్టివేయు అధికారము హైకోర్టునకు కలదని ఒప్పుకొనుచునే, స్త్రీల రక్షణకై వచ్చిన చట్టమగుటచే ఆ అధికారమును మిక్కిలి నిగ్రహముతో వాడవలెనని హెచ్చరించెను.

ఇంతకును సమాధానమున ఏముండవలెను? ఇందును కాలముతోపాటు మార్పు వచ్చినది. ఇల్లు నాది కాదు, మా అమ్మ పేరనున్నది, కావున కోడలికి అందుండు హక్కు లేదు అను జవాబు 2006 డిసెంబరులో సుప్రీంకోర్టున నెగ్గెను. 2020 అక్టోబరులో అదే కోర్టు ముగ్గురు న్యాయమూర్తుల తీర్పుతో ఆ సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. అత్తమామల పేరనున్న యిల్లైనను, ఆమె కాపురము చేసిన తీరునుబట్టి అది ఉమ్మడి నివాసము కావచ్చునని తేల్చెను. ముసలివారి ప్రశాంతతను గూడ గమనించి తగిన తీర్పు చేయవలెనని చెప్పెను. మా యింటికి రమ్ము అను 488వ సెక్షను నాటి జవాబు వలెనే, ఈ యిల్లు నాది కాదు అను జవాబు గూడ తనంతట తాను చాలునది కాకపోయెను. అట్లే చట్టములో ప్రతివాది యనగా వయస్సు వచ్చిన పురుషుడు అని మొదట ఉండెను. 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మాటలను కొట్టివేసినందున స్త్రీలును ప్రతివాదులు కావచ్చును. ఐతే ఇల్లు విడిచి పొమ్మను ఉత్తరువును మాత్రము ఏ స్త్రీకిని వ్యతిరేకముగా ఇయ్యరాదు.

అనుభవమెరిగిన వకీళ్ళు చెప్పు మాట యొకటి కలదు. మంచి జవాబుదావా కోపముతో వ్రాసినది కాదు. పిటీషనులోని యొక్కొక్క అంశమును తీసికొని, నిజమైనదానిని నిజమని ఒప్పుకొని, కానిదానిని కాదని చెప్పి, దానికి ఆధారమేదియో చూపుట దాని లక్షణము. ఆదాయమెంత, అప్పులెన్ని అను వివరములను దాచరాదు. మనోవర్తి విషయమున ఇరువురును ఆస్తి అప్పుల ప్రమాణపత్రములు దాఖలు చేయవలెనని 2020 నవంబరులో సుప్రీంకోర్టు నిర్దేశించెను. సాక్ష్యము లేని శీలదూషణతో పుటలు నింపుట ప్రతివాదికి మేలు చేయదు. మాటలతో హింసించుటయు హింసయేయని చెప్పు చట్టము ఎదుట, ఆ జవాబే ఆమె ఫిర్యాదునకు సాక్ష్యము కాగలదు. వకీలును పెట్టుకొను స్తోమత లేని స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయము చేయును. నిర్ణయించిన పరిమితికి లోబడిన ఆదాయము గల పురుషునకును ఆ సహాయము కలదు.

కోర్టు ఉభయులను సలహాదారుని వద్దకు పంపవచ్చును. ఇదియొక విధముగా పాత పంచాయతియే. కాని ఒక ముఖ్యమైన భేదమున్నది. హింస జరిగినదానికి సాకులు చెప్పుట ఆ సమావేశమున పనికిరాదని 2006 నాటి నియమములు విధించినవి. ఎందుకు కొట్టితివో చెప్పుమని అడుగుట అచ్చట లేదు. ఇకమీదట కొట్టనని పూచీ యిచ్చుట ఉన్నది. రచ్చకట్టమీది సామెతకు చట్టము ఇచ్చిన జవాబు ఇది.

ఉత్తరువు తనకు అన్యాయము చేసినదని తోచినచో ప్రతివాదికి దారులు మూసికొనిపోలేదు. ఉత్తరువు ప్రతిని ఉభయులకును ఉచితముగా ఈయవలయును. అది అందిననాటినుండి 30 దినములలోపున సెషన్సు కోర్టులో అప్పీలు చేసికొనవచ్చును. పరిస్థితులు మారినచో ఉత్తరువును మార్చుమనియో, రద్దుచేయుమనియో ఉభయులలో నెవరైనను అడుగవచ్చును. కాని ఆ మార్పు వచ్చువరకు ఉత్తరువు ఉత్తరువే. ఫోను చేయవద్దని ఉన్నచో, క్షమాపణ చెప్పుటకైనను ఫోను చేయరాదు. ఆమె పనిచేయు చోటికి పోవద్దని ఉన్నచో, నచ్చజెప్పుటకైనను పోరాదు. రక్షణ ఉత్తరువును మీరుట నేరము. దానికి ఒక సంవత్సరము వరకు కారాగారము, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. అది వారంటు లేకయే పట్టుకొనదగిన, బెయిలు హక్కుగా లభింపని నేరము. ఆమె ఒక్కతె సాక్ష్యము చాలునని కోర్టు నిర్ణయింపవచ్చును.

మొదట చెప్పిన మాటల తారుమారు ఇచ్చట మరల జ్ఞప్తికి వచ్చును. నోటీసు అందుకొన్ననాడు భర్త ప్రతివాది మాత్రమే. అతనిమీద ఏ నేరమును రుజువు కాలేదు, మోపబడనుకూడలేదు. అతనికి మాటలాడు వంతు కలదు, అప్పీలు కలదు, మార్పు కోరు హక్కు కలదు. ఉత్తరువును కాలదన్నిననాడు మాత్రము తన చేతులతోనే తాను ముద్దాయి యగుచున్నాడు. సివిల్ ప్రశ్నను క్రిమినల్ ప్రశ్నగా మార్చునది ఆమె పిటీషను కాదు, అతని అతిక్రమణము. అవమానమని నోటీసును చించివేసినవారు, నా పెండ్లాముతో నేను మాటలాడుటకు కోర్టెవరని గోడ దూకినవారు, సమాధానము చెప్పుటకు తమకున్న చోటును తామే పోగొట్టుకొందురు. అంతకంటె ముఖ్యము, ఆ గోడ లోపల నొక స్త్రీ, తరచు పిల్లలు గూడ, భయముతో నుందురు.

2022 జూన్ 2న తెలంగాణములోని 33 జిల్లాలకును వేర్వేరుగా జిల్లా న్యాయస్థానములు ఏర్పడినవి. ఒకప్పుడు గుల్బర్గా వైపునకును, పిమ్మట మహబూబునగరు వైపునకును చూచిన దౌల్తాబాదు జనులకు నేడు అప్పీలు కోర్టు వికారాబాదులోనే కలదు. కోర్టు దగ్గరకు వచ్చినది. చట్టము రఖ్మాబాయి నాటినుండి చాల దూరము నడచి వచ్చినది. ఆమెను జైలునకు పంపెదనన్న చట్టము, నేడు అట్టి స్త్రీ యింటి వాకిట కావలి నిలుచుచున్నది. ఆ కావలి మాటను మన్నించి, తన మాటను కోర్టులో నిర్భయముగా చెప్పుకొనుట ప్రతివాదికి హక్కు. అది అతని పరువునకును కాపుదల.